జైలులో ఉన్న మనిషిని చూసి రావడం: ములాఖత్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా తమ్ముడు రిమాండులో ఉన్న 11 నెలల్లో నేను ఒకే జైలు గేటు ముందు 40 సార్లకు పైగా వరుసలో నిలబడ్డాను. వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు, ఎక్కువగా వయసు మళ్లిన తల్లులు, చేతిలో సంచి పట్టుకుని వచ్చి "లోపల ఉన్నవాళ్లను చూడాలంటే ఎవరిని అడగాలండీ?" అని అడిగేవారు. సందేహాలు ఎప్పుడూ అవే. సమాధానం తెలియక వంద కిలోమీటర్లు వచ్చి ముఖం చూడకుండానే వెనుదిరిగినవారిని చాలామందిని చూశాను కాబట్టి, ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వేళలు, రోజులు జైలుకూ జైలుకూ మారుతుంటాయి కనుక బస్సు ఎక్కే ముందు ఆ జైలు కార్యాలయానికి ఒకసారి ఫోన్ చేయండి.

## ఎక్కడ ఉన్నారో తెలుసుకునేటప్పుడు

నిన్న కోర్టులో పెట్టారట. మావాడు ఇప్పుడు ఏ జైలులో ఉన్నాడో ఎలా తెలుస్తుంది?

మేజిస్ట్రేటు రిమాండు విధించినప్పుడు ఏ జైలుకు పంపుతున్నారో కోర్టు కాగితాల్లోనే ఉంటుంది. మీ న్యాయవాదిని గానీ, అరెస్టు చేసిన పోలీస్ స్టేషన్‌ను గానీ అడిగితే చెబుతారు. అరెస్టు చేసిన సంగతినీ, ఎక్కడ ఉంచారన్న సంగతినీ బంధువుకో, స్నేహితుడికో తెలియజేయడం భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం పోలీసుల బాధ్యత కాబట్టి, అడగడానికి జంకనక్కరలేదు. చిన్న ఊళ్ల కేసుల్లో మొదట దగ్గరలోని సబ్‌జైలుకు పంపి, తరువాత జిల్లా జైలుకో కేంద్ర కారాగారానికో మార్చడం మామూలే. ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, కడపలోనూ, తెలంగాణలో చంచల్‌గూడ, చర్లపల్లిలోనూ కేంద్ర కారాగారాలు ఉన్నాయి. వరంగల్ సెంట్రల్ జైలు గురించి పాతవారు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆసుపత్రి నిర్మాణం కోసం 2021లోనే ఆ జైలును ఖాళీ చేయించారు కనుక అక్కడికి వెళ్లకండి. మహిళలకు రాజమహేంద్రవరం, కడప, చంచల్‌గూడలో వేరే జైళ్లు ఉన్నాయి. 18 ఏళ్లు నిండనివారిని జైలులో ఉంచరు, అబ్జర్వేషన్ హోమ్‌కు పంపుతారు.

పోలీసు కస్టడీకి తీసుకున్నారంటున్నారు. జైలుకు వెళ్తే చూడనిస్తారా?

చూడనివ్వరు, ఎందుకంటే ఆ రోజుల్లో మనిషి జైలులో ఉండడు. కోర్టు అనుమతితో పోలీసులు విచారణకు తీసుకువెళ్లినన్ని రోజులూ ఆయన పోలీసుల అధీనంలోనే ఉంటారు. ఆ వ్యవధిలో న్యాయవాదిని కలిసే హక్కు ఆయనకు ఉంది; విచారణ జరుగుతున్నంతసేపూ కాకపోయినా, కొంతసేపైనా కలవనివ్వాలని చట్టం చెబుతుంది. కస్టడీ గడువు ఎప్పుడు ముగుస్తుందో న్యాయవాదిని అడిగి తెలుసుకుని, తిరిగి జైలుకు పంపాక బయలుదేరండి.

పీడీ యాక్టు కింద పెట్టినవారిని కలవవచ్చా?

కలవవచ్చు. వారు రిమాండు ఖైదీలు కారు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు, అంటే ముందు ముందు నేరం చేయకుండా ఆపడానికని విచారణ లేకుండానే ఉంచినవారు, కాబట్టి షరతులు వేరుగా ఉంటాయి. ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి కూడా తనవారిని చూసే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమేనని సుప్రీంకోర్టు 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో తేల్చింది. నెలకు ఒక్కసారే చూడాలన్న నిబంధనను ఆ తీర్పుతోనే కొట్టివేసింది.

## ఇంటి నుంచి బయలుదేరే ముందు

ఎవరెవరు వెళ్లవచ్చు? స్నేహితులను రానిస్తారా?

తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు, దగ్గరి బంధువులు, స్నేహితులు వెళ్లవచ్చు. అయితే లోపల ఉన్న మనిషి మిమ్మల్ని చూడటానికి ఇష్టపడాలి, దరఖాస్తులో మీరు రాసిన బంధుత్వం నిజమైనదై ఉండాలి. ఒకేసారి సాధారణంగా ముగ్గురిని మించి పంపరు. పెద్ద కుటుంబాలు అందరూ కలిసి వచ్చి, ఎవరు వెళ్లాలో గేటు దగ్గర తేల్చుకోలేక వంతు పోగొట్టుకోవడం చూశాను. ఈసారి ఎవరో, వచ్చేసారి ఎవరో ఇంట్లోనే నిర్ణయించుకుని బయలుదేరండి. నా అభిప్రాయంలో మొదటి ములాఖత్‌కు న్యాయవాది, వాయిదా సంగతులు మాట్లాడగల ఒక మనిషి, లోపల ఉన్నవారికి అత్యంత ఆప్తులైన మరో మనిషి వెళ్లడం మంచిది.

వారానికి ఎన్నిసార్లు చూడవచ్చు?

రిమాండు ఖైదీలకు సాధారణంగా వారానికి రెండు ములాఖత్‌ల వరకు ఇస్తారు. శిక్ష పడిన ఖైదీలకు ములాఖత్‌కూ ములాఖత్‌కూ మధ్య విరామం ఎక్కువగా ఉంటుంది. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాల్లో మామూలుగా ములాఖత్‌లు ఉండవు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఒక వారంలో మేనమామ ఒకసారి, స్నేహితుడు ఒకసారి చూసి వెళ్తే ఆ వారం లెక్క తీరిపోతుంది, ఆ తరువాత కన్నతల్లి వచ్చినా వెనక్కి పంపుతారు. బంధువులందరూ ఒకరితో ఒకరు చెప్పుకుని రోజులు పంచుకోవడం తప్పనిసరి. వాయిదా ఉన్న రోజున ఖైదీని కోర్టుకు తీసుకువెళ్లే అవకాశం ఉంది కనుక ఆ తేదీన జైలుకు వెళ్లకండి.

ఈ-ములాఖత్ అంటే ఏమిటి? ముందే పేరు నమోదు చేసుకోవాలా?

జాతీయ సమాచార కేంద్రం నడిపే ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ములాఖత్‌కు ముందుగా పేరు నమోదు చేసుకునే సదుపాయానికి ఈ-ములాఖత్ అని పేరు. రాష్ట్రం, జైలు, ఖైదీ పేరు, ఆయన తండ్రి పేరు, మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం, మీ గుర్తింపు కార్డు వివరాలు, కావలసిన తేదీ నింపాలి. మీ ఫోనుకు వచ్చే ఓటీపీతో నమోదు పూర్తవుతుంది. నమోదు చేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, జైలు అధికారులు ఆమోదించాలి. వారు పంపిన సందేశాన్ని తొలగించకుండా దాచుకోండి. ఖైదీ పేరు జైలు రికార్డులో ఏ అక్షరాలతో ఉందో మీరూ అదే అక్షరాలతో రాయండి. ఇంట్లో పిలిచే పేరు రాసి, అటువంటి ఖైదీ లేడన్న జవాబు చూసి హడలిపోయినవారు ఉన్నారు. కంప్యూటరు తెలియనివారు మీసేవ కేంద్రంలోనో, చదువుకున్న పిల్లలతోనో చేయించుకోవచ్చు.

ఏయే కాగితాలు తీసుకువెళ్లాలి?

ఆధార్ లేదా ప్రభుత్వం ఇచ్చిన మరో ఫోటో గుర్తింపు కార్డు అసలు ప్రతి, దాని జిరాక్సు రెండు. ఖైదీ పూర్తి పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, జైలులో ఇచ్చిన ఖైదీ నంబరు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఫోను గేటు బయటే ఆగిపోతుంది కనుక వివరాలన్నీ ఫోనులో ఉన్నాయని ధీమాగా ఉండవద్దు. మా అమ్మకు చదువు రాదు. నేను తోడు వెళ్లలేని రోజుల్లో తమ్ముడి ఖైదీ నంబరును ఆమె ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసి పంపేవాణ్ణి. కౌంటరు దగ్గర ఆమె మాట్లాడకుండా చెయ్యి చాపి చూపించేది.

చిన్నపిల్లలను తీసుకువెళ్లవచ్చా?

తీసుకువెళ్లవచ్చు. పిల్లల ఆధార్ గానీ, జనన ధ్రువపత్రం గానీ దగ్గర ఉంచుకోండి. నిరీక్షణ గంటల తరబడి సాగుతుంది, కనుక తాగునీరు, ఏదైనా తినుబండారం గేటు బయట ఉండగానే ఇవ్వండి. నాన్న ఊరికి వెళ్లాడని పిల్లలకు చెప్పి తీసుకువచ్చేవారు ఉంటారు. నన్ను అడిగితే, వయసుకు తగిన మాటల్లో నిజం చెప్పి తీసుకురావడమే మేలు. గాజు అవతల తండ్రిని చూశాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్నకు అక్కడ జవాబు ఇవ్వాల్సింది ఆ తండ్రే.

## గేటు దగ్గర

ఇంటి దగ్గర వండిన అన్నం, పచ్చడి ఇవ్వనిస్తారా?

మామూలు ములాఖత్‌లో ఇవ్వనివ్వరు. శిక్ష పడనివారు తమ ఖర్చుతో బయటి ఆహారం తెప్పించుకునే వీలు 1894 నాటి కారాగారాల చట్టంలో ఉన్నప్పటికీ, అది అధికారుల పరిశీలనకు లోబడిన వీలు. ఆచరణలో ఆరోగ్య కారణాలు చూపి కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నవారికే ఇంటి భోజనం అందుతుంది. అలా వచ్చిన ఆహారాన్ని ఇతర ఖైదీలకు ఇవ్వడం కూడా ఆ చట్టం ఒప్పుకోదు. సంక్రాంతి మరునాడు ఒక పెద్దావిడ స్టీలు డబ్బా నిండా అరిసెలు తెచ్చి, లోపలికి పంపరని తెలిశాక వాటిని వరుసలో ఉన్న పిల్లలందరికీ ఒక్కొక్కటిగా పంచింది. ఆవిడ ముందే తెలుసుకుని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పండ్లు, బిస్కెట్ల విషయంలో ఏవి అనుమతిస్తారో ఆ జైలు నోటీసు బోర్డు చూసి, ఆ తరువాతే కొనండి.

బట్టలు, మందులు ఎలా పంపాలి?

రిమాండు ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు, కనుక తేలికైన జతలు రెండు, లోదుస్తులు, తువ్వాలు తనిఖీ తరువాత తీసుకుంటారు. శిక్ష పడినవారికి జైలు దుస్తులు ఇస్తారు. మందులు నేరుగా ఖైదీ చేతికి ఇవ్వడానికి వీలు లేదు. డాక్టరు రాసిన చీటీ, పాత రిపోర్టులు తీసుకువెళ్లి జైలు వైద్యుడికి అందేలా కార్యాలయంలో ఇవ్వాలి. షుగరు, మూర్ఛ, గుండెజబ్బు, మానసిక సమస్యలకు మందు వాడుతున్నవారి విషయంలో ఈ పని మొదటి రోజే చేయండి, ఎందుకంటే ఒక్క పూట మందు తప్పినా ప్రమాదమే.

డబ్బు ఇవ్వవచ్చా?

చేతికి ఇవ్వకూడదు. ఖైదీ పేరిట జైలులో ఉండే సొంత నగదు ఖాతాలో జమ చేస్తే, ఆ డబ్బుతో ఆయన జైలు క్యాంటీనులో సబ్బు, పేస్టు, తినుబండారాలు కొనుక్కుంటారు. దీనికి పరిమితి ఉంటుంది. జమ చేసిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

తనిఖీ ఎలా చేస్తారు? ఆడవాళ్లను మగవాళ్లు తనిఖీ చేస్తారా?

చేయకూడదు. మహిళలను మహిళా సిబ్బందే తనిఖీ చేయాలి. కారాగారాల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం మీ పేరు, చిరునామా అడిగే అధికారం, అనుమానం ఉంటే మిమ్మల్ని తనిఖీ చేసే అధికారం జైలరుకు ఉంది. అయితే ఆ తనిఖీ ఖైదీల ఎదుట గానీ, ఇతర సందర్శకుల ఎదుట గానీ జరగకూడదని ఆ సెక్షనే చెబుతోంది. మీరు తనిఖీకి ఒప్పుకోకపోతే లోపలికి పంపరు. ఫోను, సిమ్ కార్డు, బీడీలు, గుట్కా, మత్తు పదార్థాలు ఏ రూపంలోనూ తీసుకువెళ్లకండి. నిషిద్ధ వస్తువు లోపలికి చేర్చితే అదే చట్టంలోని 42వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు, మత్తు పదార్థమైతే దానికి వేరే చట్టం కింద కేసు కూడా ఉంటుంది. "ఈ పొట్లం మావాడికి అందించండి" అని వరుసలో పరిచయమైనవారు ఎంత బతిమాలినా తీసుకోకండి.

ములాఖత్ ఇప్పిస్తానని ఒకరు డబ్బు అడిగారు. ఇవ్వాలా?

ఇవ్వకండి. ములాఖత్‌కు ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు. సిబ్బందే అడిగితే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా చెప్పండి. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ 1064 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లోపల ఉన్నవాడికి కష్టం కలుగుతుందేమోనన్న భయంతోనే చాలామంది ఇచ్చేస్తారు. ఒకసారి నేనూ ఇచ్చాను. మళ్లీ వెళ్లినప్పుడు అడిగే మొత్తం రెట్టింపయింది తప్ప తమ్ముడికి ఒరిగిందేమీ లేదు.

## ఎదురెదురుగా కూర్చున్నాక

దగ్గరగా కూర్చుని మాట్లాడనిస్తారా?

చాలా జైళ్లలో మధ్యలో గాజు గానీ, ఇనుప జాలీ గానీ ఉంటుంది. గాజు ఉన్నచోట రెండు వైపులా ఇంటర్‌కం ఫోన్లు ఉంటాయి. సమయం నిమిషాల్లోనే ఉంటుంది, అందులో మొదటి రెండు నిమిషాలు ఏడుపులోనే గడిచిపోతాయి. మొదటిసారి మా అమ్మ రిసీవరు ఎత్తాలని తెలియక గాజుతోనే మాట్లాడింది. అవతల తమ్ముడు తన రిసీవరు చూపించి సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం కొడుకు చెయ్యి ఊపుతున్నాడనుకుని తానూ చెయ్యి ఊపింది. అందుకే పెద్దవారిని పంపేటప్పుడు రిసీవరు ఎత్తి, గట్టిగా, నెమ్మదిగా మాట్లాడాలని ముందే చెప్పండి. చెప్పాల్సిన విషయాలు నాలుగైదు మనసులో వరుసగా పెట్టుకోండి: ఇంటి క్షేమం, ఆరోగ్యం, వాయిదా తేదీ, ఆయనకు కావలసినవి. ఆయనను మాట్లాడనివ్వడం అన్నిటికన్నా ముఖ్యం.

ఏ విషయాలు మాట్లాడకూడదు?

కేసులోని సాక్షుల పేర్లు, సంఘటన వివరాలు, ఎవరు ఏం చెప్పాలన్న సంగతులు ములాఖత్‌లో ఎత్తవద్దు. బంధువులతో జరిగే సంభాషణను సిబ్బంది వినవచ్చు, అభ్యంతరకరమనిపిస్తే ఆపవచ్చు. కేసు గురించిన మాటలు న్యాయవాది ద్వారానే సాగాలి. రిమాండు ఖైదీ తన న్యాయవాదిని మూడో మనిషి లేకుండా కలిసే ఏర్పాటు ఉండాలని కారాగారాల చట్టంలోని 40వ సెక్షన్ చెబుతుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

అంత దూరం వెళ్తే "నేను రాను" అన్నాడట. ఇప్పుడేం చేయాలి?

ములాఖత్‌కు రావాలా వద్దా అన్నది ఖైదీ ఇష్టం. సిగ్గు, కోపం, ఆ రోజు మనసు బాగాలేకపోవడం, ఏదైనా కారణం కావచ్చు. మా తమ్ముడు రెండో నెలలో రెండుసార్లు రాలేదు. నాన్న తనను ఆ స్థితిలో చూడటం ఇష్టం లేకపోయిందని చాలా రోజుల తరువాత చెప్పాడు. ఒక ఉత్తరం రాసి కార్యాలయంలో ఇచ్చి, మళ్లీ వారం వెళ్లండి. వరుసగా రానంటున్నారంటే మాత్రం జైలు వైద్యుడితో గానీ, వెల్ఫేర్ అధికారితో గానీ మాట్లాడి ఆయన ఆరోగ్యం కనుక్కోండి.

మా కోడలు జైలులో ఉంది. బిడ్డను ఆమె దగ్గర ఉంచవచ్చా?

ఆరేళ్లు నిండేవరకు ఉంచవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ విషయమై వివరమైన మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరేళ్లు దాటాక తల్లి కోరినవారికి బిడ్డను అప్పగించాలి, లేదా సంక్షేమ గృహంలో చేర్చాలి. అలా చేర్చిన బిడ్డ వారానికి ఒకసారైనా తల్లిని చూసే ఏర్పాటు ఉండాలి.

## చూసి వచ్చాక, చూడలేనప్పుడు

మేము దుబాయ్‌లో ఉన్నాం. ఇక్కడి నుంచి చూసే వీలుందా?

ఈ-ములాఖత్‌లో వీడియో ద్వారా మాట్లాడే సదుపాయం కూడా ఉంది. భారత కాలమానం ప్రకారం వేళ చూసుకోండి. ఓటీపీ అందే ఫోను నంబరు లేకపోతే ఊళ్లో ఉన్న బంధువు పేరు మీద నమోదు చేయించి, ముందు జైలు కార్యాలయంతో మాట్లాడి పెట్టుకోండి.

ఉత్తరాలు రాస్తే అందుతాయా? వాళ్లు ఫోన్ చేయగలరా?

అందుతాయి, అయితే సిబ్బంది చదివాకే ఇస్తారు. తెలుగులోనే రాయండి, ఖైదీ నంబరు తప్పకుండా వేయండి. ఫోను సదుపాయం ఉన్న జైళ్లలో ఖైదీ ముందుగా నమోదు చేసిన నంబర్లకే మాట్లాడనిస్తారు. కాబట్టి ఏ నంబరు ఇవ్వాలో మొదటి ములాఖత్‌లోనే చెప్పండి, ఆ సిమ్‌ను మార్చకండి. నా అనుభవంలో ఉత్తరం విలువ ఫోను కన్నా ఎక్కువ, ఎందుకంటే దాన్ని రాత్రి మళ్లీ చదువుకోవచ్చు.

లోపల కొట్టారని చెప్పాడు. ఎవరికి చెప్పాలి?

ఆ రోజే తేదీ, సమయం, ఆయన చెప్పిన మాటలు, మీ కంటికి కనిపించిన గాయాలు ఒక కాగితం మీద రాయండి. న్యాయవాది ద్వారా రిమాండు విధించిన కోర్టుకు చెప్పి, వైద్య పరీక్ష కోరండి. సూపరింటెండెంటుకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, రాష్ట్ర మానవ హక్కుల సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తీహార్ జైలులో ఒక ఖైదీని హింసించిన సంగతిని తోటి ఖైదీ సునీల్ బాత్రా ఉత్తరంగా రాస్తే, సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా స్వీకరించి 1979లో తీర్పు ఇచ్చింది. కాగితం మీద పెట్టిన మాటకు అంత బలం ఉంది.

ఇంట్లో చావు జరిగింది. ఆయనను కడసారి చూపుకు పంపుతారా?

రిమాండు ఖైదీ అయితే కోర్టులో మధ్యంతర బెయిలు గానీ, పోలీసు ఎస్కార్టుతో అనుమతి గానీ వెంటనే కోరాలి. శిక్ష పడిన ఖైదీ అయితే పెరోలుకు, అంటే శిక్ష మధ్యలో కొద్దికాలం బయటికి వెళ్లి వచ్చే అనుమతికి, జైలు అధికారుల ద్వారా దరఖాస్తు చేయాలి. ఆసుపత్రి లేదా పంచాయతీ ఇచ్చిన ధ్రువపత్రం, బంధుత్వం తెలిపే కాగితం వెంట ఉండాలి. ముందు జైలుకు ఫోన్ చేసి సంగతి చెప్పండి. ఆ వార్త ఆయనకు వరుసలో నిలబడిన ఎవరి నోటనో కాకుండా ఇంటి మనిషి నోట తెలిసేలా ములాఖత్ అడగండి.

బెయిలు వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా ఎందుకు వదలలేదు?

జామీను కాగితాలు కోర్టు అంగీకరించి, విడుదల ఉత్తర్వు జైలుకు చేరాకే వదులుతారు. ఆయన మీద మరో కేసులో వారెంటు ఉంటే ఆ ఉత్తర్వు ఉన్నా ఆపుతారు. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజో, మరునాడో జైలుకు ఈ-మెయిలులో పంపాలనీ, ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. జామీనుకు డబ్బు లేక ఆగిపోయిన పేద రిమాండు ఖైదీలకూ, జరిమానా కట్టలేక ఆగిన శిక్షా ఖైదీలకూ కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఒక పరిమితి వరకు సాయం అందే వీలుంది. దీన్ని ఆ సంస్థ కార్యాలయంలోనే అడగాలి. ఉత్తర్వు సాయంత్రం ఖైదీలను గదుల్లో ఉంచి తాళాలు వేశాక అందితే విడుదల మరునాటి ఉదయానికి మారుతుంది, కనుక రాత్రంతా గేటు ముందు కూర్చోకుండా దగ్గరలో బస చూసుకుని, తెల్లవారాక ఒక జత ఉతికిన బట్టలు, ఇద్దరికి బస్సు ఛార్జీ పట్టుకుని వెళ్లండి.